దవడపన్ను వేరు దగ్గర ఏముంది? చిగుళ్ళ వ్యాధి, ఎక్స్‌రే చరిత్ర



దవడపన్ను కదలడం మొదలైతే మన ఇళ్ళలో రెండు మాటలు వినిపిస్తాయి. "వయసు మీద పడింది, ఇక పళ్ళు ఉంటాయా" అనేది మొదటి మాట. "పీకించేస్తే పీడా పోతుంది" అనేది రెండవ మాట. బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, రాయగడలోనైనా, చంద్రపూర్‌లోనైనా, యానాంలోనైనా తెలుగువాళ్ళ ఇళ్ళలో ఈ మాటలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. అయితే ఆ పన్ను ఎందుకు కదిలింది, దాని వేరు చుట్టూ ఏం జరిగింది, దానిని నిలబెట్టే అవకాశం ఇంకా ఉందా అనే ప్రశ్నలకు సమాధానం పైకి కనిపించదు. అది చిగురు కింద, ఎముకలో దాగి ఉంటుంది. ఆ దాగిన చోటును చూడడం వైద్యులు ఎలా నేర్చుకున్నారు, చూసినదానిని సరిగా అర్థం చేసుకోవడానికి ఎంత కాలం పట్టింది, ఆ ప్రయత్నంలో ఎవరు ఏం పోగొట్టుకున్నారు అన్నది ఈనాటి ప్రసంగ విషయం.

ముందుగా దవడపన్ను నిర్మాణం గురించి రెండు మాటలు చెప్పుకుందాం. పన్ను ఎముకలో మేకు దిగగొట్టినట్టు బిగిసి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపోగుల పొర ఉంటుంది. ఆ పోగులే పన్నును పట్టి ఉంచుతాయి, నమిలేటప్పుడు పడే బరువును ఓర్చుకుంటాయి. ముందు పళ్ళకు సాధారణంగా ఒక్కొక్క వేరే ఉంటుంది. కింది దవడపళ్ళకు మామూలుగా రెండు వేళ్ళు, పై దవడపళ్ళకు మూడు వేళ్ళు ఉంటాయి. చెట్టు కొమ్మలు చీలే చోటును మనం పంగ అంటాం. అలాగే దవడపన్ను వేళ్ళు విడిపోయే చోటును కూడా ఈ ప్రసంగంలో పంగ అనే అందాం. ఆరోగ్యంగా ఉన్న నోటిలో ఆ పంగ ఎముకతో నిండి ఉంటుంది.

చిగుళ్ళ వ్యాధి ఈ ఎముకనే తింటుంది. పళ్ళ మీద చేరే మెత్తని పాచిలో సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ పాచి గట్టిపడితే గార అవుతుంది. చిగురు వాస్తుంది, తోముకునేటప్పుడు రక్తం కారుతుంది. కొందరిలో వ్యాధి అక్కడితో ఆగుతుంది. మరికొందరిలో చిగురుకూ పన్నుకూ మధ్య ఉన్న సందు లోతై సంచిలాగా తయారవుతుంది, దాని కింద ఎముక మెల్లగా కరుగుతుంది. ఏటి ఒడ్డున చెట్టు ఉందనుకోండి. ఏటేటా వరదకు మట్టి కొంచెం కొంచెం కొట్టుకుపోతుంది. చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది. వేళ్ళు సగం బయటపడ్డాక ఒకనాడు ఒరుగుతుంది. చిగుళ్ళ వ్యాధి నడిచే తీరు కూడా ఇదే. చాలామందిలో నొప్పి ఉండదు. నొప్పి లేని రోగాన్ని మనం రోగంగా లెక్కపెట్టం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎక్స్‌రేలు రాకముందే ఈ వ్యాధి గురించి గట్టిగా మాట్లాడిన వైద్యుడొకరు ఉన్నారు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్ పట్టణానికి చెందిన జాన్ రిగ్స్ ఆయన. 1844 డిసెంబరు 11న హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వుల వాయువు పీల్చి, మత్తులో తన పన్ను తానే పీకించుకుని చూశారు. నొప్పి తెలియకుండా పళ్ళు తీయడంలో అది చరిత్రకెక్కిన సంఘటన. ఆ రోజు పన్ను పీకినది ఈ రిగ్స్. పీకడం సులువైన ఆ కాలంలో ఆయన మాత్రం పీకకుండా కాపాడే మార్గం వైపు తిరిగారు. చిగుళ్ళ కింద పేరుకున్న గారను పనిముట్లతో శుభ్రంగా గీకి తీసేస్తే చిగుళ్ళు కుదుటపడతాయని ఆయన చికిత్స చేసి చూపించారు. 1876లో ఈ వ్యాధి మీద ఒక వ్యాసం ప్రకటించారు. ఆ రోజుల్లో అమెరికాలో దీనిని రిగ్స్ వ్యాధి అనే పిలిచేవారు. మనవాళ్ళు ఎక్కువగా విన్న పేరు పయోరియా.

రిగ్స్‌కు చెయ్యి ఉంది, అనుభవం ఉంది, పనిముట్లు ఉన్నాయి. లేనిది ఒక్కటే: చిగురు కింద ఎముక ఎంత మిగిలిందో చూసే సాధనం. వేలితో కదిపి, పనిముట్టుతో తడిమి ఊహించవలసిందే. ఆయన 1885లో కన్నుమూశారు. ఆ తరువాత పదేళ్ళకు ఆ సాధనం పుట్టింది.

1895 నవంబరు 8న జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్ నగరంలో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు తన ప్రయోగశాలలో ఒక కొత్త కిరణాన్ని కనుగొన్నారు. దాని స్వభావం తెలియదు గనుక దానికి ఎక్స్ అని పేరు పెట్టారు. డిసెంబరు 22న తన భార్య చేతిని ఆ కిరణాలతో ఫొటో తీశారు. చేతి ఎముకలు, వేలి ఉంగరం స్పష్టంగా కనిపించాయి. ఈ పరిశోధనకే 1901లో భౌతిక శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది.

దంతవైద్యులు ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. 1896 జనవరిలోనే జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణానికి చెందిన ఓటో వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన సొంత పళ్ళను ఎక్స్‌రే తీయించుకున్నారు. ఫొటోలు తీసే అద్దపు పలక ముక్కను నల్లకాగితంలోనూ రబ్బరు పొరలోనూ చుట్టి నోట్లో పెట్టుకుని, దాదాపు 25 నిమిషాలు కదలకుండా ఉన్నారు. ఫ్రిట్జ్ గీజెల్ అనే శాస్త్రజ్ఞుడు ఆయనకు సాయం చేశారు. నేడు డాక్టరుగారు మీట నొక్కేలోపు, అంటే సెకనులో కొద్ది భాగంలో, అయిపోయే పని అది. అదే ఏడాది అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరానికి చెందిన ఎడ్మండ్ కెల్స్ కూడా రోగుల నోటిలో ఫిల్ము పెట్టి ఎక్స్‌రేలు తీయడం ప్రారంభించారు. తోటి దంతవైద్యుల సభల్లో చేసి చూపించి నేర్పారు.

కెల్స్ జీవితం ఈ చరిత్రలో మరిచిపోరాని అధ్యాయం. ఆనాటి గొట్టాలు నమ్మకంగా పనిచేసేవి కావు. కిరణం సరిగా వస్తున్నదో లేదో తెలుసుకోవడానికి రోగికి తీసే ముందు తన చేతినే గొట్టం ముందు పెట్టి చూసుకునేవారు. ఫిల్మును తన వేళ్ళతోనే పట్టుకునేవారు. ఏళ్ళ తరబడి అలా చేశాక చేతికి పుండ్లు లేచాయి, అవి కేన్సరుగా మారాయి. పదుల సంఖ్యలో శస్త్రచికిత్సలు జరిగాయి. ముందు వేళ్ళు పోయాయి, తరువాత చెయ్యే పోయింది. ఆ బాధ తట్టుకోలేక 1928లో తన జీవితాన్ని తానే ముగించుకున్నారు. వాల్కాఫ్‌కు సాయపడిన గీజెల్ కూడా కిరణాల వల్ల వచ్చిన జబ్బుతోనే పోయారు.

ప్రమాదాన్ని ముందే పసిగట్టిన దంతవైద్యుడూ ఒకరున్నారు. బోస్టన్ నగరానికి చెందిన విలియం రోలిన్స్ 1898లో తన చేతికి కాలిన గాయం కావడంతో జాగ్రత్తపడ్డారు. 1901లో గినీపందుల మీద ప్రయోగాలు చేసి, ఈ కిరణాలు ప్రాణాలు కూడా తీయగలవని నిరూపించారు. గొట్టాన్ని కిరణాలు చొరరాని పెట్టెలో మూసి ఉంచాలి, కావలసిన చోటికి తప్ప కిరణం పారకూడదు, పనిచేసేవారు సీసం కలిసిన కళ్ళద్దాలు ధరించాలి అని సూచించారు. ఆయన మాట ఆనాడు ఎక్కువమంది చెవికెక్కలేదు. తరువాతి తరాలు పాటించిన జాగ్రత్తల్లో చాలావాటికి మూలం మాత్రం ఆయన రాతల్లోనే ఉంది.

1913లో రెండు మేళ్ళు జరిగాయి. అమెరికాలో విలియం కూలిడ్జ్ కొత్తరకం ఎక్స్‌రే గొట్టం తయారుచేశారు. కిరణం ఎంత రావాలో ముందే నిర్ణయించుకునే వీలు దానితో కలిగింది. అదే ఏడాది కోడక్ సంస్థ నోటికి సరిపడే చిన్న ఫిల్మును ముందే కాగితంలో చుట్టి అమ్మకానికి పెట్టింది. దంతవైద్యుడు అద్దపు పలకలు కోసుకుని, చీకటి గదిలో చుట్టుకునే శ్రమ తప్పింది.

సాధనం కుదిరింది. అయితే దానితో తీసిన బొమ్మ నిజం చెబుతున్నదా? ఎక్స్‌రే అంటే నీడ. పొద్దున, సాయంత్రం మన నీడ మనకంటే పొడుగ్గా ఉంటుంది, మధ్యాహ్నం పొట్టిగా ఉంటుంది. కిరణం వాలును బట్టి నీడ మారుతుంది. పన్ను విషయంలోనూ అంతే. కిరణం వాలుగా పడితే వేరు పొడుగ్గానో పొట్టిగానో కనిపిస్తుంది, ఎముక గట్టు ఉన్నచోట లేనట్టు, లేనిచోట ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. చిగుళ్ళ వ్యాధిలో ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎముక ఉందా పోయిందా అన్నదే ప్రశ్న కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఈ చిక్కును లెక్కతో విప్పినవారిలో ముఖ్యుడు పోలండు దేశీయుడు ఆంతోని చెషిన్‌స్కి. పన్నుకూ ఫిల్ముకూ మధ్య ఉండే కోణాన్ని సగం చేసే గీతకు కిరణం నిటారుగా పడితే నీడ పొడవు పన్ను పొడవుతో సమానంగా వస్తుందని 1907లో ఆయన సూత్రం చెప్పారు. మనం బడిలో చదువుకున్న రేఖాగణితమే అది. ఆయన తరువాత ల్వోవ్ నగరంలో ఆచార్యులుగా పనిచేశారు. 1941 జూలైలో ఆ నగరాన్ని ఆక్రమించిన నాజీలు అక్కడి ఆచార్యులను కాల్చి చంపినప్పుడు ఆయన కూడా హతులయ్యారు. ఆ తరువాత 1947లో అమెరికాలో గార్డన్ ఫిట్జ్‌గెరాల్డ్ ఇంకో పద్ధతిని స్థిరపరిచారు. ఫిల్మును పన్నుకు సమాంతరంగా నిలిపి, గొట్టాన్ని కొంచెం దూరంగా ఉంచి తీయడం ఆ పద్ధతి. ఎముక గట్టు ఎత్తును తెలుసుకోవడానికి ఇదే ఎక్కువ నమ్మదగినదని నేటికీ దంతవైద్య కళాశాలల్లో నేర్పుతున్నారు.

ఇంతలో ఈ ఎక్స్‌రేల పేరుతోనే ఒక పెద్ద పొరపాటు జరిగిపోయింది. 1910లో లండన్ వైద్యుడు విలియం హంటర్ కెనడాలోని మాంట్రియల్‌లో ఒక ఉపన్యాసమిచ్చారు. నోటిలో దాగిన చీము వల్ల శరీరంలో ఎన్నో దీర్ఘరోగాలు వస్తున్నాయని అందులో వాదించారు. ఆ మాటలో కొంత విషయం లేకపోలేదు. అయితే దానిని అందుకున్నవారు హద్దు మీరారు. కీళ్ళనొప్పి వచ్చినా, నీరసం వచ్చినా, కారణం తెలియని మరే జబ్బు వచ్చినా పళ్ళను అనుమానించడం మొదలుపెట్టారు. ఎక్స్‌రే ఫిల్ములో వేరు దగ్గర నల్లని నీడ ఏదైనా కనిపిస్తే చాలు, ఆ పన్ను పీకవలసిందే అన్నారు. 1910, 1920 దశకాల్లో అమెరికా, ఇంగ్లండు దేశాల్లో లెక్కలేనన్ని పళ్ళు ఇలా పోయాయి. వాటిలో బాగున్న పళ్ళు కూడా ఎన్నో ఉన్నాయి.

దీనిని ఎదిరించి నిలబడినవారిలో మన కెల్స్ ఒకరు. ఎక్స్‌రే కోసం చేతిని పోగొట్టుకున్న మనిషే, ఎక్స్‌రేను సాకుగా చూపి పళ్ళు పీకడాన్ని ఘోరమైన నేరంగా పరిగణించి గట్టిగా ఖండించారు. ఫిల్మును చదవడం తెలియనివాడి చేతిలో ఫిల్ము ఎంత అపాయమో ఆయన అప్పుడే గ్రహించారు. 1930 దశకం నుంచి పరిశోధనలు ఆ పాత వాదంలోని లోపాలను ఒక్కొక్కటిగా బయటపెట్టాయి. పళ్ళన్నీ పీకించుకున్నా కీళ్ళనొప్పులు తగ్గనివారు ఎందరో ఉన్నారని తేలింది. ఆ వేగం తగ్గింది గాని, పోయిన పళ్ళు తిరిగిరాలేదు.

మంచి మార్గం చూపినవాడు హోవర్డ్ రేపర్. అమెరికాలో దంతవైద్య విద్యార్థులకు ఎక్స్‌రే శాస్త్రాన్ని ఒక పాఠంగా మొదట బోధించినవారిలో ఆయన ఒకరు. 1913లోనే దాని మీద పాఠ్యగ్రంథం రాశారు. 1925లో ఆయన ఒక సులువైన ఉపాయం కనిపెట్టారు. ఫిల్ముకు మధ్యలో చిన్న రెక్క అతికించి, ఆ రెక్కను రోగి పళ్ళతో కొరికి పట్టుకునేలా చేశారు. దీనికి బైట్‌వింగ్ అని పేరు. పై పళ్ళూ కింది పళ్ళూ ఒకే ఫిల్ములో వస్తాయి. ఫిల్ము పన్నుకు దాదాపు సమాంతరంగా ఉంటుంది గనుక పళ్ళ మధ్య ఎముక గట్టు ఉన్న ఎత్తులోనే కనిపిస్తుంది. పిప్పిపన్నును తొలిదశలో పట్టుకోవడానికి ఆయన దీనిని తలపెట్టారు. చిగుళ్ళ వ్యాధిని తొలిదశలో గుర్తించడానికి కూడా అది ఎంతో అక్కరకు వచ్చింది. ఎముక ఎక్కువగా పోయినవారికి అదే ఫిల్మును నిలువుగా పెట్టి తీస్తారు.

శ్రోతలారా, ఇప్పుడు ఆ ఫిల్ములో దంతవైద్యుడు ఏం చూస్తాడో గమనిద్దాం. ఎముక, పన్ను గట్టివి కాబట్టి తెల్లగా కనిపిస్తాయి. మెత్తని భాగాలు, ఖాళీలు నల్లగా ఉంటాయి. ఆరోగ్యమైన దవడపన్ను వేరు చుట్టూ నారపోగుల పొర ఒక సన్నని నల్లని గీతలా ఉంటుంది. దాని వెలుపల, ఎముక అంచు సన్నని తెల్లని గీతలా ఉంటుంది. రెండు పళ్ళ మధ్య ఎముక గట్టు, పన్ను పింగాణీ ముగిసే చోటుకు సుమారు ఒకటి రెండు మిల్లీమీటర్ల దిగువన నిలుస్తుంది. వ్యాధి మొదలైతే ఆ గట్టు అంచు మసకబారుతుంది. తరువాత గట్టు కిందికి దిగుతుంది. రెండు పళ్ళ మధ్య సమానంగా దిగవచ్చు, లేదా ఒక వేరు పక్కనే గుంటలా లోతుగా దిగవచ్చు. గట్టు పంగ దాకా దిగితే, వేళ్ళ మధ్య తెల్లగా ఉండవలసిన చోట నల్లని నీడ పడుతుంది.

పంగలో చేరిన వ్యాధి మొండిది. అక్కడికి మన బ్రష్షు చేరదు, వేపపుల్ల చేరదు, డాక్టరుగారి పనిముట్టు కూడా కష్టంగా చేరుతుంది. దవడపళ్ళు ముందు పళ్ళకంటే ఎక్కువగా ఊడిపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం. 1953లో అమెరికా ఆచార్యుడు ఇర్వింగ్ గ్లిక్‌మన్ పంగలో వ్యాధిని నాలుగు దశలుగా విభజించారు. పంగ అంచున మాత్రమే తగిలింది మొదటి దశ. లోపలికి కొంత దూరం పోయింది రెండవది. ఒకవైపు నుంచి మరోవైపుకు ఆరపార దారి పడినది మూడవది. చిగురు కిందికి జారి ఆ దారి కంటికే కనిపించేది నాలుగవది. దశను బట్టి చికిత్స మారుతుంది, పన్ను నిలిచే అవకాశం కూడా మారుతుంది.

ఇక ఫిల్ము చెప్పలేని సంగతులు. ఇవి తెలుసుకోవడం కూడా అంతే అవసరం. మొదటిది, ఎముకలోని ఖనిజంలో సుమారు 30 నుంచి 50 శాతం పోతేగాని ఫిల్ములో మార్పు స్పష్టంగా కనిపించదని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. అంటే ఫిల్ము శుభ్రంగా ఉన్నంత మాత్రాన వ్యాధి లేదని అనుకోకూడదు. రెండవది, నీడకు లోతు ఉండదు. బుగ్గ వైపు ఎముక పోయినా, నాలుక వైపు ఎముక మిగిలి ఉంటే అది అడ్డుపడి లోపాన్ని దాచేస్తుంది. పై దవడపన్నుకు అంగిటి వైపు ఉన్న మూడవ వేరు సరిగా పంగ మీదనే నీడ వేసి కప్పేస్తుంది. మూడవది, ఫిల్ము గతాన్ని చెబుతుంది. ఆ ఎముక నిరుడు పోయిందా, పదేళ్ళ కిందట పోయి వ్యాధి ఇప్పుడు ఆగి ఉన్నదా అనేది ఒక్క ఫిల్ము చూసి చెప్పడం సాధ్యం కాదు.

నాలుగవ సంగతి మీద మీ పన్ను నిలవడమో పోవడమో ఆధారపడి ఉండవచ్చు. పంగలో కనిపించే ప్రతి నల్లని నీడా చిగుళ్ళ వ్యాధి వల్ల వచ్చినది కాదు. పన్ను లోపల ఉండే గుజ్జు పిప్పి వల్ల చచ్చిపోతే, ఆ చీము సన్నని దారుల గుండా పంగలోకి దిగి ఎముకను కరిగించవచ్చు. ఫిల్ములో రెండూ ఒకేలా కనిపిస్తాయి. గుజ్జు వల్ల వచ్చినదైతే వేరు కాలువలను శుభ్రం చేసి నింపే చికిత్సతో పంగలో ఎముక చాలావరకు తిరిగి నిండుతుంది. ఆ తేడా తెలుసుకోవడానికి పన్నుకు చల్లదనం తగిలించి, గుజ్జుకు ప్రాణముందో లేదో చూస్తారు. రెండు నిమిషాల పరీక్ష అది. ఆ పరీక్ష చేయకుండా ఫిల్ము మాత్రమే చూసి పీకేస్తే నిలవగల పన్ను పోతుంది. 1920 దశకంలో జరిగిన పొరపాటు నేడు చిన్న ఎత్తున మళ్ళీ జరగడమంటే ఇదే.

అందుకే ఫిల్ముతోపాటు మరొక సాధనం ఎప్పుడూ ఉండాలి. మిల్లీమీటర్ల గీతలు గీసిన, కొన మొద్దుగా ఉన్న సన్నని పుల్లలాంటి పనిముట్టు అది. దానిని ప్రోబ్ అంటారు. పన్నుకూ చిగురుకూ మధ్య సందులోకి మెల్లగా దించి లోతు కొలుస్తారు. ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లుంటే సాధారణం. అంతకు మించితే అనుమానించాలి. పంగను తడమడానికి వంపు తిరిగిన ప్రోబ్ వేరే ఉంటుంది. రిగ్స్ నాటి చేతి స్పర్శ, రాంట్‌జెన్ ఇచ్చిన చూపు ఈ రెండూ కలిస్తేనే రోగనిర్ణయం పూర్తవుతుంది.

ఇటీవలి దశాబ్దాల్లో సాధనాలు ఇంకా పెరిగాయి. 1950 దశకంలో ఫిన్లండులో ఇర్యో పాతేరో నోరంతా ఒకే బొమ్మలో వచ్చే యంత్రాన్ని రూపొందించారు. మొత్తం పరిస్థితి చూడడానికి అది బాగుంటుంది గాని, ఒక వేరు పక్కన ఎముక గట్టు వివరాలకు చిన్న ఫిల్మే మెరుగు. 1987లో ఫ్రాన్సులో ఫ్రాన్సిస్ మూయెన్ ఫిల్ము లేకుండా నేరుగా తెర మీద బొమ్మ చూపే పద్ధతిని తెచ్చారు. మన పట్టణాల్లో ఆర్.వి.జి. అని పిలిచేది అదే. 1990 దశకం చివర ఎముకను మూడు వైపుల నుంచి చూపే స్కానింగ్ దంతవైద్యంలోకి వచ్చింది. దానితో పై దవడపన్ను పంగ కూడా కనిపిస్తుంది. అయితే దానికి ఖర్చూ ఎక్కువ, కిరణం మోతాదూ ఎక్కువ. అవసరమైన చోట మాత్రమే వాడాలి.

2018లో ప్రపంచంలోని చిగుళ్ళ వైద్య నిపుణులు వ్యాధిని కొత్తగా వర్గీకరించి ప్రకటించారు. వేరు పొడవులో 15 శాతం కంటే తక్కువ ఎముక పోతే మొదటి దశ. 15 నుంచి 33 శాతం వరకు రెండవ దశ. ఎముక నష్టం వేరు మధ్య భాగం దాకా పాకితే మూడవ, నాలుగవ దశలు. ఇందులో మనకు ఎక్కువ పనికివచ్చే అంశం ఇంకొకటుంది. అయిదేళ్ళ కాలంలో ఎముక ఏమీ తగ్గకపోతే వ్యాధి నిదానమైనదని, రెండు మిల్లీమీటర్లు లేక అంతకు మించి తగ్గితే వేగంగా నడిచేదని నిర్ణయిస్తారు. ఈ లెక్క కట్టాలంటే పాత ఎక్స్‌రే చేతిలో ఉండాలి.

ఇది సరిహద్దు జిల్లాల శ్రోతలకు ప్రత్యేకంగా చెప్పవలసిన మాట. మనం వైద్యానికి ఒక ఊరు పట్టుకుని ఉండం. హోసూరువారు ఒకసారి బెంగళూరుకు, ఒకసారి కృష్ణగిరికి వెళతారు. రాయగడవారు విశాఖపట్నం వెళతారు, యానాంవారు కాకినాడ వెళతారు, చంద్రపూర్‌వారు నాగపూర్ వెళతారు. ఒకచోట చీటీ కన్నడంలో, మరోచోట తమిళంలో, ఇంకోచోట ఒడియాలోనో మరాఠీలోనో ఉంటుంది. డాక్టరుగారు అడిగే ప్రశ్న మనకు సగమే అర్థమవుతుంది, మనం చెప్పేది వారికి సగమే అర్థమవుతుంది. ఎక్స్‌రేకు ఆ బాధ లేదు. ఎముక గట్టు ఏ భాషవారికైనా ఒకటే. కాబట్టి పళ్ళ ఎక్స్‌రే తీసిన ప్రతిసారీ దానిని అడిగి తీసుకోండి. ఫిల్మయితే తేదీ రాసి కవరులో దాచండి. తెర మీద చూపే రకమైతే ఫోనులోకి పంపమని అడిగి, తేదీతో భద్రం చేసుకోండి. అయిదేళ్ళ తరువాత ఇంకో ఊళ్ళో, ఇంకో డాక్టరుకు ఆ పాత బొమ్మ చాలా సంగతులు చెబుతుంది. చేసిన ఎక్స్‌రేనే మళ్ళీ చేయించే ఖర్చు కూడా కొన్నిసార్లు తప్పుతుంది.

మరో రెండు విషయాలు. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మనలో గట్టి నమ్మకం ఉంది. గార బాగా పేరుకున్నచోట అదే పళ్ళను ఒకదానికొకటి అతికించినట్టు పట్టి ఉంచుతుంది. అడుగున ఎముక ఎప్పుడో పోయి ఉంటుంది. గార తీయగానే ఆ కదలిక బయటపడుతుంది. తీయడానికి ముందు ఎక్స్‌రే తీసి చూపిస్తే, ఎముక పోయింది గార తీసినందువల్ల కాదని రోగి కళ్ళారా చూడగలడు. రెండవది పొగాకు. మహారాష్ట్రలో మిశ్రీ, ఒడిశాలో గుడాకు పళ్ళు తోముకోవడానికి వాడే అలవాటు మనవాళ్ళలోనూ కొందరికి అబ్బింది. అవి రెండూ పొగాకే. పొగాకు చిగుళ్ళకూ ఎముకకూ చేటు చేస్తుంది. బీడీ, చుట్ట, సిగరెట్టు తాగేవారిలో చిగుళ్ళ నుంచి రక్తం కూడా తక్కువగా కారుతుంది. రక్తం కారడం లేదు కదా అని వారు ధైర్యంగా ఉంటారు, లోపల ఎముక మాత్రం కరుగుతూనే ఉంటుంది. మధుమేహం ఉన్నవారికి కూడా ఈ వ్యాధి ముప్పు ఎక్కువ. ఈ రెండు వర్గాలవారూ నొప్పి వచ్చేదాకా ఆగకుండా చిగుళ్ళ పరీక్ష చేయించుకోవడం మంచిది.

కిరణాల భయం గురించి కూడా చెప్పాలి. కెల్స్ కథ విన్నాక ఎవరికైనా సందేహం కలుగుతుంది. నేటి చిన్న దంత ఎక్స్‌రే ఒక్కదానితో మన శరీరానికి అందే మోతాదు, భూమి నుంచీ ఆకాశం నుంచీ సహజంగా ఒక రోజులో మనకు అందేదాని కంటే తక్కువే. యంత్రాల నాణ్యత ఎంతగా పెరిగిందంటే, దంత ఎక్స్‌రేలకు సీసపు ఏప్రన్, మెడపట్టీ ఇక అవసరం లేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో సలహా ఇచ్చింది. కిరణం పారే వెడల్పును తగ్గించడమే అసలైన రక్షణ అని చెప్పింది. నూట పాతికేళ్ళ కిందట రోలిన్స్ చెప్పినది కూడా అదే కదా. అయినా అవసరం లేని ఎక్స్‌రే తీయించకూడదు. గర్భవతులు ఆ సంగతి ముందుగానే డాక్టరుకు చెప్పాలి.

దవడపన్ను కదిలిందని, తీసేయాలని ఎవరైనా చెప్పినప్పుడు మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. ఎక్స్‌రేలో ఎముక ఎంత పోయిందో చూపిస్తారా? సందుల లోతు కొలిచారా, పంగ దాకా పోయిందా? పన్ను గుజ్జుకు ప్రాణముందో లేదో పరీక్షించారా? మంచి వైద్యులు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. కొన్ని పళ్ళు తీయక తప్పదు, అది నిజమే. కాని నిలిచే పన్ను ఏదో, నిలవనిది ఏదో తేల్చుకునే సాధనాలు మనకు ఉన్నాయి. కొందరు తమ చేతులను, ప్రాణాలను ధారపోసి వాటిని మనకు అందించారు. వాటిని వాడుకోవడం మన వంతు.